నాలుగు వీధుల అభ్యంతరం

"ఈ బండి మీద వాక్యం చెప్పడానికి వీల్లేదు," అంది ఫేబీ. ముక్కుకు మాస్కు ఉన్నా చాలక, దాని మీద చున్నీ కూడా అడ్డం పెట్టుకుంది.

"వాక్యం సంగతి తర్వాత మేడమ్. ముందు ఈ మైకు పెట్టె దించుకోనీయండి. చేతులు పడిపోతా ఉండాయి," అన్నాడు జడ్సన్.

"ఏంది ఈ కంపు?"

"రొయ్యల మేత. ఇంతవరకూ ఒక్క రొయ్య కూడా కంప్లైంట్ ఇవ్వలేదు."

"ప్రసంగం రొయ్యలకి కాదు, మనుషులకి. కడిగి తీసుకురండి. డెట్టాల్ వేసి, రెండుసార్లు."

"ఒకసారి కడిగితే వాక్యం ఎక్కదా?"

"రెండుసార్లు," అని పాస్టరు గారి అమ్మాయి తలుపు వేసేసింది.

జడ్సన్ బోరింగు దగ్గర ట్రాలీ ఆటో నిలిపి, గొణుక్కుంటూ బక్కెట్లకు బక్కెట్లు నీళ్లు కొట్టాడు. రెండుసార్లు కడిగాడు. కాసేపు ఆగి, ఎవరూ అడక్కుండానే మూడోసారి కూడా కడిగాడు. అక్కడే అతని పని అయిపోయింది గానీ ఆ సంగతి అతనికి తెలియడానికి ఇంకా రెండు నెలలు పట్టింది.

జడ్సన్‌ది అల్లూరు. రొయ్యల గుంటలకు మేత బస్తాలు తోలుతాడు. ఆ ఏడు మార్చిలో మైపాడు బీచికి ఇవతలున్న కొత్తపాలెంలో తన అవ్వ రెబెక్కమ్మను చూసి పోదామని రెండు రోజులకు వచ్చాడు. రెండో రోజే కరోనా అని దేశమంతా తాళం వేశారు. మనవడూ ట్రాలీ ఇద్దరూ అవ్వ ఇంటి ముందు ఇరుక్కుపోయారు.

కొత్తపాలెం బెతేలు మందిరానికీ తాళం పడింది. పాస్టరు తిమోతి గారు నిరుత్సాహపడే మనిషి కాదు. మొదటి ఆదివారం ఫోనులో లైవ్ పెట్టారు. ఫోను జారి వెల్లకిలా పడింది. సంఘమంతా నలభై నిమిషాలు మందిరం పైకప్పునీ, తిరుగుతున్న ఫ్యానునీ చూస్తూ వాక్యం విన్నారు. రెండో ఆదివారం యోనా గురించి చెప్పారు. యోనా చేప కడుపులోకి పోయాడు, సరిగ్గా అక్కడ సిగ్నల్ కూడా పోయింది. యోనా బయటికొస్తాడని డెబ్బై ఏళ్లుగా తెలిసినా, అయ్యగారి నోట వినలేదని రెబెక్కమ్మ వారమంతా మథనపడింది.

"ఇది కుదిరే పని కాదు," అని ఆమె తేల్చేసింది. "మనం మందిరానికి పోలేకపోతే మందిరమే మన కాడికి రావాల. మా మనవడి బండి ఊరకే పడుండాది గదా."

అల్లూరులో పెళ్లిళ్లకు మైక్ సెట్ అద్దెకిచ్చే షఫీక్, జడ్సన్‌కు చిన్ననాటి స్నేహితుడు. "పెళ్లిళ్లే లేవు, మూలన పడి తుప్పు పట్టే బదులు దేవుడి మాటన్నా పలకనీరా," అని మేత బండిలో సెట్ పంపించాడు. ఎవరూ గడప దాటకూడదు, వీధికి పావుగంట మించకూడదు అన్న షరతు మీద ఎస్సై గారు తలూపారు.

అలా మందిరం చక్రాల మీదికి ఎక్కింది. చర్చి వీధి, బోరు వీధి, కాలనీ, గుంటల కట్ట. ఎవరి గడపలో వాళ్లు కుర్చీ వేసుకుని, కొంగు నెత్తిన కప్పుకుని కూర్చునేవారు. ఒకే ప్రసంగం నాలుగుసార్లు. తిమోతి గారు చర్చి వీధిలో తడబడేవారు, గుంటల కట్టకు వచ్చేసరికి ఏడిపించేవారు. దాంతో కట్ట మీది వాళ్లకు అయ్యగారంటే ఎక్కడలేని గౌరవం వచ్చేసింది.

ట్రాలీ వెనక నిలబడి పాటలు ఎత్తుకోవడం ఫేబీ పని. ఇందుకూరుపేటలో ప్రైవేటు బడిలో టీచరు. బడి మూతపడింది గానీ గొంతు మూతపడలేదు. పొడుగాటి వెదురుకర్రకు గుడ్డసంచి కట్టి గడప గడపకూ చాచేది. జనం తమ ప్రార్థన విన్నపాలు చీటీల మీద రాసి అందులో వేసేవారు. పేరు రాయాల్సిన పనిలేదు. ఆమె మైకులో చదివేది, అయ్యగారు ప్రార్థన చేసేవారు. అంటువ్యాధి కాలం కదా, తర్వాత ఆ చీటీలన్నీ పాత నూనె డబ్బాలో వేసి కాల్చేసేవారు.

క్యాబిన్ వెనక అద్దం మీద ఒకసారి కొడితే ఆపమని, రెండుసార్లు కొడితే పొమ్మని ఇద్దరికీ ఒప్పందం. మూడోసారి కూడా కొట్టిందంటే తిట్టడానికి అని అర్థం.

"కొంచెం మెల్లిగా తోలండి బ్రదర్. నాన్న పౌలుగారి ఓడ మునిగే కాడికి వచ్చినాడు, మీరు నిజంగానే ముంచేటట్టు ఉండారు."

"రోడ్డు అట్టా ఉంటే నేనేం చేసేది సిస్టర్? పౌలుగారికి సముద్రమన్నా సాపుగా ఉన్నింది."

మే నెలాఖరుకు దారులు తెరిచారు. అల్లూరు పోవడానికి అడ్డేమీ లేదు. జడ్సన్ మాత్రం గేరు బాక్సు పాడయింది, స్పేరు దొరకడం లేదు అన్నాడు. అదే గేరు బాక్సుతో ప్రతి ఆదివారం నాలుగు వీధులూ ఎలా తిరుగుతోందని ఊళ్లో ఒక్కరూ అడగలేదు. రెబెక్కమ్మ అడిగింది గానీ, పెద్దది కదా చెవులు సరిగ్గా వినపడవన్నట్టు మనవడి జవాబు విని ఊరుకుంది.

జూలైలో ఒక ఆదివారం కాలనీలో ఉండగా ఉన్నట్టుండి వాన దంచింది. అయ్యగారు క్యాబిన్‌లోకి ఎక్కారు. జడ్సన్, ఫేబీ ఆంప్లిఫయర్ మీద టార్పాలిన్ పట్టుకుని చెరో కొసన నిలబడిపోయారు. ఆమె జడ నుంచి నీళ్లు కారుతున్నాయి. మాస్కు తడిసి ముఖానికి అతుక్కుపోయింది. కళ్లు మాత్రం నవ్వుతున్నాయి. చెప్పేదేదో ఇప్పుడే చెప్పాలి అనిపించింది జడ్సన్‌కు. 

"ఏమన్నా చెప్పాలా?" అంది ఫేబీ.

"ఇది తడిస్తే షఫీక్ నన్ను చంపేస్తాడు," అన్నాడు జడ్సన్.

ఎగతాళికి అంత పెద్ద నోరున్న మనిషి, అసలు మాట దగ్గరికొచ్చేసరికి మూగెద్దయిపోయాడు. రెండు రోజులు తనను తాను తిట్టుకుని, మూడో రోజు ఒక చీటీ రాశాడు. తనే నేరుగా వేస్తే ఎవరిదో తెలిసిపోతుందని, వీధి చివర సంచి బండిలో పెట్టినప్పుడు మిగతా చీటీల మధ్యలోకి జారవిడిచాడు.

ఆ ఆదివారం ఫేబీ దాన్ని మైకులో చదివింది.

"మన సంఘంలో ఒక అబ్బాయికి ఒక అమ్మాయి నచ్చింది. ఆమె ఎదుట అతనికి నోరు పెగలదు. ఆమె మంచితనానికి తాను తగుదునా అని భయం. దయచేసి ప్రార్థించండి. పేరు దేవునికి తెలుసు."

వీధి వీధంతా ఒక్కసారి ముందుకు వంగింది. నాలుగు నెలలుగా జ్వరాలూ, చావులూ, మూతపడిన దుకాణాలూ తప్ప ఇంకో కబురు వినని ఊరు అది. ప్రేమ అనే మాట వినేసరికి ఎండిన చేనుకు తడి తగిలినట్టయింది.

జడ్సన్ అనుకున్నది అయ్యగారు కళ్లు మూసుకుని ఒక్క వాక్యం ప్రార్థించి ఊరుకుంటారని. ఊరు ఊరుకోలేదు. సంఘపెద్ద చిన్నపోలయ్య గొలుసు ప్రార్థన పెట్టించాడు. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా, ఇంటికొక గంట చొప్పున, పేరు తెలియని ఆ బిడ్డ కోసం మోకాళ్ల మీద ఉండాలి. ఒక ఇంటివాళ్లు లేవగానే ఫోను చేస్తే పక్కింటివాళ్లు మోకరించేవారు. రెబెక్కమ్మ ఇంకా ముందుకు పోయి, ఆ బిడ్డ పెళ్లి కుదిరేదాకా చేప ముట్టనని ఒట్టు పెట్టుకుంది. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన మనిషికి అది అన్నం మానేయడంతో సమానం.

జడ్సన్ తేలు కుట్టిన దొంగలా కూర్చుని పప్పన్నం తిన్నాడు.

"ఎవరై ఉంటారు బ్రదర్?" అని అడిగింది ఫేబీ మరుసటి ఆదివారం, మైకు వైర్లు చుడుతూ.

"నేనే అనుకోండి."

"మీరా?" అని పకపకా నవ్వింది. "మీకు నోరు పెగలకపోవడమా? ఏప్రిల్ నుంచీ అది మూసింది నేను చూడలా." తర్వాత నవ్వు ఆపి, తనలో తాను అనుకుంటున్నట్టు అంది. "అంత మర్యాదగా రాసినాడు చూడండి. ఆ అమ్మాయి ఎవరో గానీ అదృష్టవంతురాలు."

బండి తీస్తూనే జడ్సన్ దాన్ని మురుక్కాలవలో దించబోయి ఆపాడు.

గుంటల కట్ట దగ్గర ఆమె మైకు తీసుకుని తన తరఫున ఒక మాట కలిపింది. "ఆ బ్రదర్ ఎవరైనా గానీ, ఇక్కడే వింటా ఉంటాడు. మేమంతా ప్రార్థన చేస్తా ఉన్నాం. మీరు కూడా కొంచెం ధైర్యం చేయండి." క్యాబిన్‌లో కూర్చుని వింటున్న జడ్సన్, వచ్చే ఆదివారం చెప్పి తీరాలని నిశ్చయించుకున్నాడు.

గురువారం రెబెక్కమ్మకు కరోనా అని తేలింది.

ఊరి నర్సమ్మ పుష్పకుమారి వచ్చి వాకిట్లో అడ్డంగా కర్ర కట్టించింది. "పదిహేడు రోజులు. అవ్వా మనవడూ ఇద్దరూ బయట కాలు పెట్టకూడదు," అంది. ట్రాలీ తాళంచెవి కిటికీలోంచి హెబ్రోను చేతిలో పడింది.

హెబ్రోను చిన్నపోలయ్యకు అన్న కొడుకు, జడ్సన్ ఈడువాడే, రొయ్యల గుంటకు కాపలా ఉంటాడు. మాట్లాడడు. ఎవరేం అడిగినా తల వంచుకుంటాడు. టీ తాగుతావా అన్నా తల వంచుకుంటాడు.

అవ్వకు నాలుగో రోజు ఆయాసం వచ్చింది. వేలికి పెట్టిన మిషను తొంభై రెండు చూపించింది. జడ్సన్ ఆ అంకెను చూస్తూ గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. పరాచికాలన్నీ ఎక్కడికి పోయాయో తెలియలేదు. అప్పుడు ఎదురుగా రోడ్డవతల, నడినెత్తిన ఎండలో, మైకు లేకుండా తిమోతి గారు నిలబడి ప్రార్థించడం వినిపించింది. గొంతు చిట్లేదాకా ప్రార్థించారు. పొద్దునా సాయంత్రం ఫేబీ మిరియాల చారు చేసి కర్ర దగ్గర పెట్టి పోయేది. మందులూ మంచినీళ్ల క్యానూ హెబ్రోను మోసేవాడు. గొలుసు ప్రార్థన ఇప్పుడు అవ్వ పేరు మీద తిరిగింది. వారం గడిచేసరికి అంకె తొంభై ఆరుకు ఎక్కింది. "నాకు ఆకలవతా ఉండాది," అంది రెబెక్కమ్మ. జడ్సన్ ఎవరూ చూడకుండా ఏడ్చాడు.

ఆ సంతోషం ఒక పూట నిలిచింది. సాయంత్రం పుష్పకుమారి వచ్చి కర్ర అవతల నిలబడి కబురు చెప్పింది.

"తెలిసిందా? చీటీ రాసినోడు దొరికినాడు."

"ఎ... ఎవరు?"

"మన హెబ్రోను! పెద్దలంతా పిలిచి, ‘ఆ చీటీ నీదేనారా’ అని అడిగితే తల వొంచుకున్నాడు. పిల్ల ఎవురని అడిగితే ఒక్కసారి తలెత్తి చూసినాడంట. ఎదురుగా శానిటైజర్ సీసా పట్టుకుని ఫేబీ నిలబడుండాది."

మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. హెబ్రోను విషయంలో అది పూర్తి అంగీకారమైపోయింది. వాళ్లమ్మ ఆనందంతో ఏడ్చేసింది. కూతురి పెళ్లి గురించి దేవుణ్ణి ఒక గుర్తు అడుగుతున్న తిమోతి గారికి ఒళ్లు జలదరించింది. ఊరంతా చేసిన ప్రార్థన తన ఇంటి తలుపే తట్టిందని ఆయన నమ్మేశారు.

"మరి... ఫేబీ?"

"‘ఆ చీటీ రాసిన మనిషి అయితే నాకు సమ్మతమే నాన్నా’ అనింది అంట."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని సామెత. ఇక్కడ పూజారి లేడు, పాస్టరూ సంఘపెద్దలూ ఉన్నారు. వరాన్ని ఇచ్చారు, పక్కింటికి ఇచ్చారు.

జడ్సన్ ఫోను చేశాడు. "ఆ చీటీ నేను రాసినా."

"దీంట్లో కూడా ఎగతాళేనా?" అంది ఫేబీ.

"కాదు. ఒట్టు. ‘ఆమె ఎదుట అతనికి నోరు పెగలదు’ అని రాసినా. ‘తగుదునా అని భయం’ అని రాసినా."

"మా వీధిలో మూడేళ్ల పిల్లకాయ కూడా అప్పజెప్తాడు అది. నాలుగు వీధుల్లో నేనే చదివినా గదా."

"నా చేతిరాత చూడండి."

"చీటీలన్నీ కాల్చేసినాం." అంది ఆమె. "హెబ్రోనన్న రోజూ మీకు నీళ్లు మోస్తా ఉన్నాడు. ఆయన్ని నవ్వులపాలు చేయబాకండి బ్రదర్. నాకు ఇది ఆట కాదు." ఫోను పెట్టేసింది.

జడ్సన్‌కు హెబ్రోనును తిట్టుకుందామన్నా వీల్లేకపోయింది. తిట్టడానికి సందు లేనంత మంచివాడు. అయ్యగారి మీద కోపం తెచ్చుకుందామంటే, ఎండలో నిలబడిన మనిషే కళ్ల ముందు కనిపించాడు.

ఆదివారం వచ్చింది. కొత్తపాలెంలో పెళ్లి జరగాలంటే మూడు ఆదివారాలు సంఘంలో ప్రకటన చదవాలి. తన ట్రాలీ మీద, తను తెచ్చిన మైకులో, తను ఇష్టపడ్డ పిల్ల పెళ్లి ప్రకటన జడ్సన్ తన చెవులారా విన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. చేతిలోని గంజి గిన్నె జారి భళ్లున పడింది.

మంచం మీద రెబెక్కమ్మ లేచి కూర్చుంది. మనవడి ముఖం చూసింది, కిందపడిన గంజి చూసింది. డెబ్బై ఏళ్ల అనుభవానికి ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

"ఒరే! ఆ చీటీ నీదా?"

జడ్సన్ తల వంచుకున్నాడు.

"నువ్వు కూడా తల వొంచితే ఎట్టారా! చెప్పు!"

"నాదే అవ్వా."

"నీ కోసమా నేను చేప మానేసింది! ఇంట్లో నా పక్కన కూర్చోని పప్పు తింటా చెప్పలేకపోయినావా?" ఆయాసపడుతూనే దిండు విసిరింది. "అడగందే అమ్మయినా పెట్టదు. చీటీ రాసి దేవుడి నెత్తిన పడేస్తే, ఆయనొచ్చి నీ బదులు ఆ పిల్లతో మాట్లాడతాడా?"

"ఇప్పుడు చెప్తే అయ్యగారి పరువు పోతాది. హెబ్రోను పరువు పోతాది."

"ఆ పిల్ల ఎవరికి సరే అనింది?"

"చీటీ రాసినోడికి."

"మరి అది తప్పు మనిషిని చేసుకుంటా ఉంటే చూస్తా కూర్చుంటావా? అది పరువా?"

పదిహేడో రోజు ఆదివారమే. పొద్దున్నే పుష్పకుమారి వచ్చి కర్ర విప్పింది. ఎనిమిదింటికి ట్రాలీ వచ్చి అవ్వ ఇంటి ముందు, చర్చి వీధి మధ్యలో ఆగింది. హెబ్రోను క్యాబిన్‌లో, ఫేబీ వెనక సంచికర్ర పట్టుకుని, అయ్యగారు మైకు ముందు.

"హెబ్రోనుకును, ఫేబీకిని జరుగబోవు వివాహమును గూర్చి ఇది రెండవ ప్రకటన. దీనికి అభ్యంతరము గలవారు ఎవరైనను ఉన్నయెడల ఇప్పుడే తెలియజేయవలెను."

జడ్సన్ గడప దాటి చెయ్యెత్తాడు.

"అబ్బయా, మీ అవ్వ కోలుకునింది, దేవునికి స్తోత్రం!" అన్నారు తిమోతి గారు ముఖమంతా వెలిగిపోతూ. "సాక్ష్యం ప్రసంగం తర్వాత చెబుదువు."

"సాక్ష్యం కాదయ్యగారూ. అభ్యంతరం."

ముప్పై ఏళ్ల సేవలో తిమోతి గారు ఆ వాక్యం కొన్ని వందలసార్లు చదివారు. ఒక్కరూ చెయ్యెత్తలేదు. ఎత్తితే ఏం చేయాలో ఆయనకు తెలియదు. పుస్తకం తిరగేశారు. పుస్తకంలోనూ లేదు. చివరికి మైకు జడ్సన్ వైపు చాచారు.

"ఆ చీటీ... అంటే నేను... బండి... జూలైలో వాన..." జడ్సన్‌కు చెమటలు పట్టాయి. "అదే అయ్యగారూ."

"ఏదే?" అన్నారు జనం.

చిన్నపోలయ్య లేచాడు. సంఘ నియమాలన్నీ ఆయన నోటి చివరే ఉంటాయి. "ప్రకటన నాలుగు వీధుల్లో చదవతా ఉన్నాం. అభ్యంతరం కూడా నాలుగు వీధుల్లోనూ చెప్పాల. ఒక వీధిలో చెప్పి పోతే మిగతా మూడు వీధులకి న్యాయం ఏడుంది? బండెక్కు."

జడ్సన్ బండెక్కాడు, వెనకే చిన్నపోలయ్య కూడా. ఫేబీ అతని వైపు చూడలేదు.

బోరు వీధిలో గొంతు కాస్త దారికొచ్చింది. "పేరు రాయని ఆ చీటీ రాసింది నేను. హెబ్రోను కాదు."

"రుజువేంది?" అని ఒక గడపలోంచి కేక.

"లేదు. కాల్చేసినారు. చెప్పడం ఒక్కటే నా చేతిలో ఉండాది."

కాలనీకి పోయే దారిలో, ముఖం తిప్పకుండానే అడిగింది ఫేబీ. "ఇంకా ఎంతసేపు ఈ ఆట?"

"ఇంకా రెండు వీధులు ఉండాయి," అన్నాడు జడ్సన్. ఈసారి అతని గొంతులో ఆట లేదు.

కాలనీలో అతను దాచుకున్నవన్నీ బయటపెట్టాడు. "మే నెల నుంచీ నా గేరు బాక్సు బాగానే ఉండాది. అబద్ధం చెప్పినా." జనం గొల్లున నవ్వారు. "ఇదే వీధిలో వాన పడిన రోజు ఆమె, ‘ఏమన్నా చెప్పాలా’ అని అడిగింది. నేను ఆంప్లిఫయర్ గురించి చెప్పినా. నేను చెప్పాలనుకున్నది అది కాదు." నవ్వులు ఆగాయి. ఎవరో పెద్దావిడ, "అయ్యో బిడ్డా," అంది. ఫేబీ చేతిలో వెదురుకర్ర ఊగడం ఆగిపోయింది.

గుంటల కట్ట మీద సముద్రపు గాలి కొడుతోంది. జడ్సన్ ఈసారి జనం వైపు కాకుండా అయ్యగారి వైపు తిరిగాడు.

"మా అవ్వ కోసం మీరు ఎండలో నిలబడినారు. హెబ్రోను నీళ్లు మోసినాడు. మీకు ఎదురు చెప్పే మొహం నాకు లేదు. కానీ ఈ పిల్ల సరే అనింది చీటీ రాసినోడికి. రాసింది నేనని తెలిసినాక వద్దంటే, అది ఆమె ఇష్టం. సాయంత్రానికి అల్లూరు పోతా. తెలియకుండా ఆమె చేత సరే అనిపించడం మాత్రం తప్పు. అది ఆపడానికే వచ్చినా. నాకు ఆమె అంటే ఇష్టం అయ్యగారూ. బండి కడిగిన రోజు నుంచీ ఇష్టం."

తిమోతి గారు క్యాబిన్ వైపు నడిచారు. "హెబ్రోనూ, నిజం చెప్పు. ఆ చీటీ నువ్వు రాసినావా?"

హెబ్రోను తల వంచుకున్నాడు.

"చూసినారా, ఒప్పుకున్నాడు," అన్నాడు చిన్నపోలయ్య.

"తల వొంచితే కుదరదు!" ఫేబీ కేకకు గట్టు మీది కొంగలు లేచిపోయాయి. "నోటితో చెప్పన్నా!"

హెబ్రోను మెల్లగా దిగాడు. ఊరు మొత్తం అతని గొంతు వినడం అదే మొదటిసారి కాబోలు. "నేను రాయలేదయ్యగారూ. నాకు పెళ్లంటేనే భయం. మీరంతా సంతోషపడినారు, మా అమ్మ ఏడ్చింది. ఎట్టా కాదనాలో తెలియలా. పది రోజులుగా అన్నం దిగడం లా." జడ్సన్ వైపు చూసి దండం పెట్టాడు. "కాలనీ దాటినాక నాకు ప్రాణం లేచొచ్చిందన్నా."

తిమోతి గారు మైకు తీసుకున్నారు. "దేవుడు మన ప్రార్థన సరిగ్గానే విన్నాడు. జవాబు ఎవరిదో మేము తొందరపడి తేల్చేసినాం. తప్పు నాది. ఈ బిడ్డలు ముగ్గురూ నన్ను క్షమించాల." ఆ మాట అనగానే కట్ట మీద సగం మంది కళ్లు తుడుచుకున్నారు. ఆయన కూతురి వైపు తిరిగారు. "అమ్మా, ఈసారి గుర్తులేవీ అడగను. నిన్నే అడుగుతా. నీ మాటేంది?"

ఫేబీ సంచికర్ర పక్కన పెట్టి మైకు అందుకుంది. మాస్కు సరిచేసుకోవడానికి ఒక్క నిమిషం తీసుకుంది. జడ్సన్ ఆ నిమిషంలో అల్లూరు దాకా పోయి తిరిగొచ్చాడు.

"ఈ ప్రకటన రద్దు చేయండి నాన్నా. వచ్చే ఆదివారం కొత్తది చదవండి. పేరు మార్చి."

గుంటల కట్ట గుంటల కట్టంతా "ఆమెన్" అని అరిచింది. తిమోతి గారు ఇద్దరి నెత్తిన చేతులు పెట్టబోయి, నర్సమ్మ గుర్తొచ్చి, రెండు గజాల దూరం నుంచే గాల్లో చేతులెత్తి దీవించారు.

జనం సందడిలో ఆమె మైకు ఆపి, జడ్సన్‌కు మాత్రమే వినపడేట్టు అంది. "నేను బోరు వీధిలోనే నమ్మినా. రుజువు లేదన్నావు చూడు, అప్పుడే. అబద్ధమాడేవాడైతే ఏదో ఒకటి పుట్టించి తెచ్చేవాడు."

"బోరు వీధిలోనే? మరి అప్పుడే చెప్పొచ్చు గదా! కాలనీలో నా పరువంతా తీసుకున్నా!"

"ఇంకా రెండు వీధులు ఉండాయి గదా," అంది ఫేబీ. మాస్కు పైన కళ్లు నీళ్లతో మెరిసిపోతున్నాయి. "వినబుద్ధేసింది."

అని, హెబ్రోను మళ్లీ ఎక్కి కూర్చున్న క్యాబిన్ అద్దం మీద రెండుసార్లు కొట్టింది. "చర్చి వీధికి తిప్పు హెబ్రోనన్నా. అక్కడ ఈయన సరిగ్గా చెప్పలా. మొదటి నుంచీ మళ్లీ చెప్పాల."